చెంచా వెనక ముద్ర ఏం చెబుతుంది? సోవియట్ కాలపు వెండిపూత సామాన్లను చదవడం

క్లుప్తంగా: సోవియట్ కాలపు చెంచాలు, ఫోర్కులు, టీ గ్లాసు తొడుగుల మీద ఉండే ముద్రల్లో చాలావరకు వెండి గురించి చెప్పవు. అడుగు లోహం ఏమిటో, ధర ఎంతో, ఏ శాఖ కిందిదో చెబుతాయి. సరిగ్గా ఫలానా ఏడాదిదని తేల్చే ముద్ర అరుదు. ఒక్కో ముద్ర ‘ఇంతకు ముందుది కాదు’ అనో, ‘ఇంతకు తర్వాతది కాదు’ అనో ఒక హద్దు గీస్తుంది. అలాంటి రెండు మూడు హద్దులను కలిపి చూస్తేనే కాలం తెలుస్తుంది.

పాత సామాన్లు అమ్మే వెబ్‌సైట్లలో ‘రష్యన్ వెండి’ అన్న పేరుతో రోజూ ఏవో ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. నల్లబడ్డ చెంచాల కట్ట, చెక్కడపు పని ఉన్న గ్లాసు తొడుగు, నీలం పెట్టెలో ఆరు టీస్పూన్లు. ధరలు చూస్తే ఒకే రకం వస్తువు ఒకచోట వందల్లో, మరోచోట వేలల్లో ఉంటుంది. తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇలాంటివి అక్కడక్కడా ఉన్నాయి. మాస్కోలోనో లెనిన్‌గ్రాద్‌లోనో చదువుకుని వచ్చినవారు తెచ్చుకున్నవి కొన్ని. విశాఖ ఉక్కు కర్మాగారానికి, హైదరాబాద్ ఐడీపీఎల్‌కు సోవియట్ సాయం అందిన రోజుల్లో అక్కడి నిపుణులతో పరిచయమై చేతులు మారినవి కొన్ని. వెండి ధర పెరిగినప్పుడల్లా వాటిని అటక మీంచి దించి, వెనక్కి తిప్పి, అర్థంకాని ఆ అక్షరాలను చూసి ‘ఇది వెండేనా?’ అని అడగడం మామూలే.

తిప్పలకు సగం కారణం లిపి. రష్యన్ అక్షరాలు కొన్ని అచ్చం ఇంగ్లిష్ అక్షరాల్లా ఉంటాయి, పలుకు మాత్రం వేరు. ఇంగ్లిష్ ‘హెచ్’లా ఉన్నది అక్కడ ‘న’. ‘పి’లా ఉన్నది ‘ర’. ‘సి’లా ఉన్నది ‘స’. ‘బి’లా ఉన్నది ‘వ’. గుమ్మంలా రెండు నిలువు గీతల మీద ఒక అడ్డగీత ఉంటే అది ‘ప’. దేశం పేరు నాలుగక్షరాల పొడి ముద్రను చూసి ‘సీసీసీపీ’ అని చదివేది అందుకే. అది నిజానికి ‘ఎస్ఎస్ఎస్ఆర్’.

వెండా, పూతా?

కాలం సంగతి తర్వాత, ముందు ఇది తేలాలి. అసలు వెండి వస్తువులను సోవియట్ ప్రభుత్వం పరీక్షించి అధికారిక ముద్ర కొట్టేది. ఆ ముద్రలో రెండు భాగాలు తప్పనిసరి. ఒకటి బొమ్మ, రెండోది స్వచ్ఛత అంకె.

బొమ్మ కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. జార్ చక్రవర్తుల చివరి రోజుల్లో అది ‘కకోష్నిక్’ అనే సంప్రదాయ శిరోభూషణం పెట్టుకున్న స్త్రీ తల. 1899 నుంచి 1908 వరకు ఎడమవైపు చూస్తుంది, 1908 తర్వాత కుడివైపు. విప్లవం వచ్చాక కూడా కొన్నేళ్లు ఇదే నడిచింది. 1927లో ఆమె స్థానంలో సుత్తి పట్టిన కార్మికుడి తల వచ్చింది. 1958 నుంచి సోవియట్ యూనియన్ చివరిదాకా ఐదు కోణాల నక్షత్రం, దాని నడుమ సుత్తీ కొడవలీ. స్త్రీ తల, కార్మికుడి తల, నక్షత్రం: ఈ మూడింటి క్రమం గుర్తుంటే వెండి వస్తువు కాలం మూడొంతులు తేలినట్టే.

అంకెలూ అంతే. జార్ల కాలంలో స్వచ్ఛతను ‘జొలత్నిక్’లలో లెక్కించేవారు. 96 అంటే నూటికి నూరు పాళ్లు వెండి. అందువల్ల 84 అంటే 875, 88 అంటే దాదాపు 916. మెట్రిక్ లెక్కలోకి మారిన 1927 తర్వాత 875, 916 వంటి మూడంకెలే కనిపిస్తాయి. మన దగ్గర 92.5 వెండి అన్న మాట ఎంత వాడుకో, అక్కడ 875 అంత వాడుక.

బొమ్మ, మూడంకెల స్వచ్ఛత రెండూ లేకుండా ఏవో అక్షరాలు, ధర మాత్రమే ఉంటే అది వెండి కాదనుకోవాలి. ముద్ర అరిగిపోయి ఉండొచ్చన్న వాదన అమ్మకందారుల నోట తరచూ వినిపిస్తుంది. పక్కనే ధర ముద్ర స్పష్టంగా ఉండి, స్వచ్ఛత ముద్ర ఒక్కటే అరిగిపోవడం జరిగే పని కాదు.

మూడక్షరాల ముద్ర: రాగి, నికెల్, జింకు

ఎక్కువ సామాన్ల మీద కనిపించేది మూడక్షరాల ముద్ర. కంటికి అది ‘ఎం’, ‘హెచ్’, ఆపైన కింద కుడిమూల చిన్న తోక ఉన్న నలుచదరపు ‘యు’లా ఉంటుంది. రష్యన్‌లో పలుకు ‘ఎం-ఎన్-త్స్’. మేద్ అంటే రాగి, నీకెల్ అంటే నికెల్, త్సింక్ అంటే జింకు. వాటి మొదటి అక్షరాలే ఇవి. కార్ఖానా పేరూ కాదు, పనివాడి సంతకమూ కాదు. మిశ్రమలోహం పేరు, అంతే.

ఈ మిశ్రమానికి యూరప్‌లో ‘నాయ్‌జిల్బర్’ అని పేరు, అంటే జర్మన్‌లో ‘కొత్త వెండి’. తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన లోహమే. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో పసుపు కుంకుమతో పాటు చేతిలో పెట్టే కుంకుమ భరిణెలను, పళ్లేలను ‘జర్మన్ సిల్వర్’ అంటాం. ఆ పేరు పుట్టింది ఈ రాగి-నికెల్-జింకు కలయికకే. ఇందులో వెండి రవ్వంత కూడా ఉండదు. సోవియట్ లోహశాస్త్రపు లెక్కలో మామూలు రకం ఎం-ఎన్-త్స్ 15-20. అందులో నికెల్ 15 శాతం, జింకు 20 శాతం, మిగిలింది ప్రధానంగా రాగి.

రష్యన్ ఇళ్లలో మాత్రం ఈ సామాన్లను ‘మెల్ఖియోర్’ అంటారు. నిఖార్సుగా మాట్లాడితే మెల్ఖియోర్ వేరు. అది జింకు లేని రాగి-నికెల్ మిశ్రమం. మాయో, షోర్యే అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ల పేర్లు కలిపి ఆ లోహానికి పెట్టిన పేరు నలిగి నలిగి అలా మారింది. సోవియట్ ప్రమాణాల్లో దానికి ఎం-ఎన్ 19 అని వేరే సంజ్ఞ ఉంది. అంటే ‘మెల్ఖియోర్’ అని అమ్మే చెంచా వెనక ‘ఎం-ఎన్-త్స్’ అని ఉంటే పేరుకూ ముద్రకూ పొంతన లేనట్టు. మోసమేమీ కాదు, వాడుక అలా స్థిరపడిపోయింది. ఇలాంటి వాడుక మాటే ఇంకొకటి ‘ఫ్రజే’. ఇప్పటి పోలండ్ రాజధాని వార్సాలో 1824లో మొదలైన ఫ్రజే కంపెనీ వెండిపూత సామాన్లు రష్యా సామ్రాజ్యమంతా ఎంతగా పాకాయంటే, చివరికి కంపెనీ పేరే ఆ రకం లోహానికి పేరైపోయింది. మన దగ్గర వనస్పతి ఏదైనా డాల్డా అయినట్టు.

అసలు మెలిక ఇక్కడుంది. ఎం-ఎన్-త్స్ అన్న ముద్ర అడుగు లోహం ఏమిటో చెబుతుందే తప్ప పైన వెండిపూత ఉందో లేదో చెప్పదు. అదే ముద్రతో వెండిపూత వేసినవి, బంగారు పూత వేసినవి, ఏ పూతా లేకుండా మెరుగుపెట్టి వదిలేసినవి అన్నీ ఉన్నాయి. పూత సంగతి పెట్టె మీది కాగితంలో ఉండేది. పెట్టె పోయింది, కాగితం చిరిగింది, చెంచా మిగిలింది.

ఈ ముద్ర ఎవరి కోసం?

పశ్చిమ యూరప్ సామాన్లతో పోల్చి చూస్తే సోవియట్ ముద్రల తీరు తేలిగ్గా అర్థమవుతుంది. జర్మనీలోని డబ్ల్యూఎంఎఫ్ వంటి కంపెనీల వెండిపూత చెంచాల వెనక ‘90’ అన్న అంకె తరచూ ఉంటుంది. అది స్వచ్ఛత కాదు. పన్నెండు పెద్ద చెంచాలు, పన్నెండు ఫోర్కుల మీద కలిపి 90 గ్రాముల వెండి పూశామని కంపెనీ ఇచ్చే మాట. లెక్క వేస్తే ఒక్కోదానికి 3.75 గ్రాములు. ఇంగ్లండ్‌వాళ్లు ‘ఈపీఎన్ఎస్’ అని కొట్టేవారు, నికెల్ సిల్వర్ మీద విద్యుత్ పూత అని దానర్థం. రెండుచోట్లా ముద్ర కొనేవాడితో మాట్లాడుతుంది. పక్క కంపెనీ కంటే మా పూత మందం అని చెప్పుకోవాల్సిన అవసరం అక్కడ ఉంది.

సోవియట్ కర్మాగారానికి ఆ అవసరం లేదు. పోటీ లేదు, ధర కర్మాగారం చేతిలో లేదు. ముద్ర లెక్కల కోసం, తనిఖీ కోసం. ఏ లోహం వాడారు, దుకాణంలో ఎంతకు అమ్మాలి, ఏ సంస్థ ఆస్తి అన్నవే అక్కడ ముఖ్యం. అందుకే పూత బరువు చెప్పే అంకె సోవియట్ చెంచా మీద సాధారణంగా కనిపించదు. లోహం సంజ్ఞ, ధర మాత్రం శ్రద్ధగా కొట్టి ఉంటాయి.

దీనికి మంచి ఉదాహరణ కోల్చుగినో. మాస్కోకు ఈశాన్యంగా వ్లదీమిర్ ప్రాంతంలో ఉన్న ఈ పట్టణానికి పేరు వచ్చింది అలెక్సాందర్ కోల్చుగిన్ అనే మాస్కో వర్తకుడి నుంచి. 1871లో ఆయన అక్కడ రాగి కర్మాగారం పెట్టాడు. విప్లవం తర్వాత అది దేశంలోని పెద్ద ఇనుమేతర లోహాల కర్మాగారాల్లో ఒకటైంది. 1922లో విమానాలకు పనికొచ్చే అల్యూమినియం మిశ్రమాన్ని సోవియట్ దేశంలో తొలిసారి తయారు చేసింది ఇక్కడే. దానికి ‘కోల్చుగల్యూమిని’ అని ఊరి పేరే పెట్టారు. విమాన రూపకర్త తుపోలెవ్ 1924లో తెచ్చిన తొలి సోవియట్ పూర్తి లోహ విమానం దాంతోనే తయారైంది. రైల్లో టీ గ్లాసు పట్టుకునే తొడుగు, విమానం రేకు ఒకే ప్రాంగణంలోంచి వచ్చాయన్నమాట. రేకులు, కడ్డీలు, గొట్టాలు తయారుచేసే చోట చెంచా పక్కపని. దానిమీద ఊరి పేరును కుదించి ‘కోల్చ్’ అని, పక్కన లోహపు సంజ్ఞ కొట్టి వదిలేయడం ఆ కర్మాగారపు రోజువారీ అలవాటుకు కొనసాగింపే. గిడ్డంగిలో కడ్డీ మీద రాసే భాషనే చెంచా మీదా రాశారు.

హద్దులు గీసే గుర్తులు

కాలం తేల్చడంలో మొదటి గుర్తు అక్షరాల తీరు. 1918 లిపి సంస్కరణకు ముందు రష్యన్ మాటలు హల్లుతో ముగిస్తే చివర పలకని అక్షరం ఒకటి రాసేవారు. చిన్న ఇంగ్లిష్ ‘బి’కి తల దగ్గర ఎడమవైపు చిన్న జెండా తగిలించినట్టు ఉంటుంది. తయారీదారు పేరు చివర అది ఉంటే వస్తువు సోవియట్ కాలానిది కాదు, జార్లనాటిది. వార్సాలోని ఫ్రజే, నోర్బ్లిన్, బుఖ్ కంపెనీల సామాన్లు సోవియట్‌వని అమ్ముడయ్యేది ఈ ఒక్క అక్షరాన్ని గమనించకపోవడం వల్లే. 1918 తర్వాత పోలండ్ వేరే దేశం. ఆ కంపెనీల తర్వాతి సామాన్లు సోవియట్ ఖాతాలోకి రావు.

రెండోది ప్రభుత్వ శాఖల పేర్లు. ఇవి చాలా పదునైన గుర్తులు, ఎందుకంటే సోవియట్ పాలనలో శాఖల పేర్లు తరచూ మారాయి. విప్లవం తర్వాత మంత్రిత్వ శాఖలను ‘ప్రజా కమిసారియట్లు’ అన్నారు. 1946 మార్చిలో మళ్లీ మంత్రిత్వ శాఖలు అన్నారు. రైల్వే సామాన్ల మీద ‘ఎన్-కె-పి-ఎస్’ అని ఉంటే అది రవాణా కమిసారియట్‌ది, 1946కు ముందుది. ‘ఎం-పి-ఎస్’ అని ఉంటే మంత్రిత్వ శాఖది. అయితే ఈ మూడక్షరాలతో తొందరపడకూడదు. జార్ల కాలంలో 1865 నుంచి 1917 దాకా అదే పేరుతో శాఖ ఉంది. సోవియట్ యూనియన్ పోయాక రష్యాలో 2004 దాకా అదే పేరు కొనసాగింది. ఒకే ముద్ర మూడు రాజ్యాలను చూసింది.

క్రుష్చేవ్ హయాంలో 1957 నుంచి 1965 వరకు పరిశ్రమలను కేంద్ర మంత్రిత్వ శాఖల నుంచి తీసి ప్రాంతీయ ఆర్థిక మండళ్లకు అప్పగించారు. వాటిని ‘సొవ్‌నర్‌ఖోజ్’ అంటారు. ఆ పొడి అక్షరాలు ‘ఎస్-ఎన్-ఖ’ కనిపిస్తే కాలం చాలావరకు ఆ ఎనిమిదేళ్లకు కుదించుకుపోతుంది. దానికి ముందు ‘వ’ చేరితే మాత్రం కథ మారుతుంది. అది 1917 నుంచి 1932 వరకు ఉన్న అత్యున్నత ఆర్థిక మండలి కావచ్చు. కాస్త అయోమయం పెంచడానికన్నట్టు అదే పేరుతో 1963లో మళ్లీ ఒక మండలి పెట్టారు.

‘అర్తేల్’ అన్న మాట ఉంటే అది పనివాళ్ల సహకార సంఘం తయారీ. ఇలాంటి పారిశ్రామిక సహకార సంఘాలను 1950ల ద్వితీయార్ధంలో ఒక్కొక్కటిగా ప్రభుత్వ కర్మాగారాల్లో కలుపుకుంటూ వచ్చి 1960లో పూర్తిగా ఎత్తేశారు. అందువల్ల అర్తేల్ ముద్రకు పైహద్దు 1960.

ఊర్ల పేర్లూ సాయపడతాయి. లెనిన్‌గ్రాద్ 1924 నుంచి 1991 వరకు. గోర్కీ 1932 నుంచి 1990 వరకు. స్తాలిన్‌గ్రాద్ 1925 నుంచి 1961 వరకు. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలను సోవియట్ గణతంత్రాలుగా చెప్పే ముద్ర 1940కి ముందు సాధ్యం కాదు.

ధర ముద్ర: తేలిక గుర్తు, తేలికైన పొరపాటు

సోవియట్ చెంచా మీద ధరను లోహంలోనే కొట్టడం మనకు వింతగా అనిపిస్తుంది. దేశమంతా ధర ప్రభుత్వమే నిర్ణయించే చోట అది మామూలు విషయం. మన పొట్లాల మీద ఎమ్మార్పీ ఉన్నట్టే, కాకపోతే చెరిపేయడానికి వీల్లేదు.

అది ఇలా ఉంటుంది: ముందు తోకున్న ఆ ‘యు’ అక్షరం, తర్వాత ఒక అంకె, ఇంగ్లిష్ ‘పి’లాంటి అక్షరం, మరో అంకె, చివర ‘కె’. తోకున్న అక్షరం ‘త్సెనా’ అంటే ధర. ‘పి’లా కనిపించేది ‘ర’, అంటే రూబుల్. ‘కె’ అంటే కొపెక్. ఈ ‘కె’ని చూసి క్యారెట్ అనుకుని బంగారు పూతగా ప్రచారం చేసినవాళ్లూ ఉన్నారు. ఇంకో చిక్కు: అదే తోకున్న అక్షరం లోహపు సంజ్ఞలో జింకును, ధర ముందు ధరను సూచిస్తుంది. రెండు ముద్రలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు విడదీసి చదవాలి.

కాలానికి దీనితో సంబంధం 1961 జనవరి 1. ఆ రోజున పాత పది రూబుళ్లు కొత్త ఒక రూబుల్ అయ్యాయి. జీతాలు, ధరలు అన్నీ పదో వంతుకు తగ్గించి రాశారు. చిన్న టీస్పూన్ మీద పది పన్నెండు రూబుళ్ల ధర ఉంటే అది పాత రూబుల్ అయ్యుండే అవకాశం ఎక్కువ. ఒక రూబుల్ ఇరవై కొపెక్కుల వంటి ధరైతే కొత్త రూబుల్. అటు పైహద్దు 1992 జనవరి 2. రష్యాలో ధరల మీద ప్రభుత్వ అదుపు ఆ రోజుతో చాలావరకు పోయింది. ఆ తర్వాత ధరను లోహంలో కొట్టడంలో అర్థం లేదు.

వీటితో పాటు పెట్టె మీదో, చీటీ మీదో ఐదు కోణాల చట్రంలో పక్కకు ఒరిగిన ‘కె’ అక్షరం ఉంటే అది ప్రభుత్వ నాణ్యతా చిహ్నం. 1967లో మొదలైంది, అంతకు ముందు లేదు. పాత సామాన్ల పెట్టెను పారేయకూడదని అనేది ఇందుకే. చెంచా చెప్పనిది పెట్టె చెబుతుంది.

ఒక గ్లాసు తొడుగును తిప్పి చూస్తే

రష్యన్ రైళ్లలో టీ గాజు గ్లాసులో ఇస్తారు. వేడికి చెయ్యి కాలకుండా ఆ గ్లాసును పిడి ఉన్న లోహపు తొడుగులో పెడతారు. దాని పేరు ‘పద్‌స్తకాన్నిక్’. స్తకాన్ అంటే గ్లాసు, దాని కింద ఉండేది కనుక ఆ పేరు. అలాంటిది ఒకటి చేతిలో ఉందనుకుందాం. ఒంటి మీద రాకెట్, భూగోళం చుట్టూ తిరుగుతున్న చిన్న గోళం, నక్షత్రాలు. అడుగున ‘కోల్చ్’, ‘ఎం-ఎన్-త్స్’, ఆపైన మూడు రూబుళ్ల చిల్లర ధర.

బొమ్మతో మొదలుపెడితే, ఆ చిన్న గోళం తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్. అది 1957 అక్టోబరు 4న ఎగిరింది. వస్తువు దానికి ముందుది కాదు. ధర మూడు రూబుళ్లే కనుక 1961 తర్వాతి కొత్త రూబుల్ అనుకోవచ్చు. ధర ఉంది కనుక 1991 లోపు. అంటే ఇప్పటికి 1961 నుంచి 1991 వరకు ముప్పయ్యేళ్లు. అమ్మకందారు మాత్రం బొమ్మ చూసి ‘1957 నాటి స్పుత్నిక్ స్మారక తొడుగు’ అని రాస్తాడు. పొరపాటు అక్కడే. బొమ్మ కిందిహద్దు చూపుతుంది, పైహద్దు చూపదు. అచ్చు ఒకసారి చెక్కాక కర్మాగారం దాన్ని ఏళ్ల తరబడి వాడుతుంది. గగారిన్ బొమ్మ, క్రెమ్లిన్ బొమ్మ, మూడు గుర్రాల బండి బొమ్మ అన్నీ అంతే. 1980 మాస్కో ఒలింపిక్స్ గుర్తు వంటివి మాత్రం మినహాయింపు. ఆ ముచ్చట తీరాక వాటికి గిరాకీ ఉండదు, కాబట్టి ఆటలకు ముందు రెండు మూడేళ్లలోనే తయారై ఉంటాయి.

ఇక పూత. పిడి లోపలివైపు వేలు ఆనేచోట రంగు చూడాలి. అక్కడ తెల్లదనం పోయి లేత పసుపు తేలుతుంటే కింద రాగి మిశ్రమం బయటపడిందని అర్థం. చెక్కడపు సందుల్లో నలుపు పట్టి ఉంటే వెండిపూత అయ్యుండే అవకాశం ఉంది, ఎందుకంటే గాలిలోని గంధకానికి నల్లబడే గుణం వెండిది. నికెల్ పూత అలా నల్లబడదు, మసకబారుతుందంతే. అయితే చెక్కడం ఎత్తుగా కనబడాలని కర్మాగారంలోనే సందులకు నలుపు పట్టించడమూ ఉంది. అందువల్ల నలుపు ఒక్కటే సాక్ష్యం కాదు.

కత్తితో జాగ్రత్త

భోజనపు కత్తి మీద చాలాసార్లు ‘నెర్జ్’ అన్న ముద్ర ఉంటుంది. తుప్పు పట్టని అన్న మాటకు అది పొడి రూపం, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని చూసి సెట్టు మొత్తం స్టీలని పక్కన పడేయకూడదు. ఆ ముద్ర కత్తి అలుగుది మాత్రమే. వెండి గానీ, రాగి మిశ్రమం గానీ అంచు నిలబెట్టుకోవు కనుక అలుగు స్టీలుతోనే చేయాలి. పిడి వేరే లోహం. బోలుగా ఉన్న పిడిలో అలుగు తోకను దూర్చి అతికిస్తారు. అతుకు వదిలితే కొత్త అలుగు వేయించడమూ సాధారణం. దాంతో పిడి కాలం ఒకటి, అలుగు కాలం మరొకటి కావచ్చు.

అయస్కాంతం ఇక్కడ పనికొస్తుంది. రాగి-నికెల్-జింకు మిశ్రమానికి అంటుకోదు, వెండికీ అంటుకోదు. స్టీలు అలుగుకు తరచూ అంటుకుంటుంది. కాబట్టి అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి వెండే అన్న వాదన నిలవదు. స్టీలు కాదని మాత్రమే తేలుతుంది. కంసాలి గీటురాయి మీద గీసి చూపించుకోవాలన్నా లోతుగా గీయించాలి. పైపైన గీస్తే రాయికి అంటేది పూతే, జవాబు వెండి అనే వస్తుంది. లోతుగా గీస్తే వస్తువు పాడవుతుంది. ఒంటి మీద స్వచ్ఛత ముద్ర లేనప్పుడు ఆ పరీక్షకే అవసరం తక్కువ.

సోవియట్ ఇళ్ల సామాన్లన్నీ సోవియట్ తయారీ కావన్నది ఇంకో సంగతి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ, ఆస్ట్రియాల నుంచి సైనికుల వెంట వచ్చిన చెంచాలు, ఫోర్కులు అక్కడ తరాల తరబడి వాడకంలో ఉన్నాయి. ఎలుగుబంటి బొమ్మతో ఉండే ఆస్ట్రియా బెర్న్‌డోర్ఫ్ సామాన్లు అలాంటివి. మాస్కోలో కొన్నంత మాత్రాన అవి సోవియట్‌వి కావు. వార్సా ఫ్రజే కంపెనీ కూడా యుద్ధం తర్వాత జాతీయమై, హెన్నెబెర్గ్ అనే మరో సంస్థతో కలిసి ‘హెఫ్రా’ అన్న కొత్త పేరుతో కమ్యూనిస్టు పోలండ్‌లో సామాన్లు చేసింది. అవీ ఈ బుట్టలోకి వచ్చి చేరుతుంటాయి.

ధర మీద, వాడకం మీద ప్రభావం

వెండి బజారులో ధర ఎంత పెరిగినా వెండిపూత సామాను ధర ఆ లెక్కన పెరగదు. 875 స్వచ్ఛత ఉన్న పెద్ద చెంచా 60 గ్రాములు తూగితే అందులో వెండి 52.5 గ్రాములు. దాని పక్కన మంచి జర్మన్ పూత చెంచాలో ఉన్నది నాలుగు గ్రాముల లోపు, అదీ కొత్తగా ఉన్నప్పుడు. వాడేకొద్దీ, తోమేకొద్దీ తరిగిపోతుంది. రాగి నుంచి ఆ పలుచని పొరను విడదీయడానికి అయ్యే ఖర్చు కూడా కలిపితే కరిగించి అమ్ముకోవడంలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. పూత సామాన్లకు విలువ వచ్చేది పని నైపుణ్యం వల్ల, పూర్తి సెట్టు వల్ల, అరుదైన ముద్ర వల్ల. రైల్వే కమిసారియట్ ముద్ర ఉన్న అరిగిన తొడుగుకు, నిన్నగాక మొన్నటి మెరిసే తొడుగు కంటే సేకర్తల్లో ఎక్కువ గిరాకీ ఉండటానికి కారణం ఇదే.

ఇంట్లో వాడుకునేవారికి కాలం కంటే పూత స్థితి ముఖ్యం. చెంచా గిన్నె అడుగున, ఫోర్కు పళ్ల చివర పూత ముందుగా పోతుంది. బల్లకు ఆనేదీ, పళ్లేనికి గీసుకునేదీ అక్కడే. పసుపు రంగు తేలిన చెంచాను చింతపండు పులుసులోనో పెరుగులోనో వదిలేస్తే రాగి మిశ్రమం పులుపుతో కలుస్తుంది, నోటికి లోహపు రుచి తగులుతుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పోయాక అందులో పులుసు కాయొద్దని పెద్దవాళ్లు అనేది ఏ కారణానికో ఇదీ ఆ కారణానికే. నికెల్ పడనివారికి మరో ఇబ్బంది. మళ్లీ విద్యుత్ పూత వేయించడం సాధ్యమే గానీ, పూతకు ముందు ఉపరితలాన్ని నున్నగా మెరుగుపెడతారు. ఆ మెరుగులో ముందుగా చెరిగేవి లోతు తక్కువ ఉన్న ముద్రలే. ధర అంకెలు, లోహపు సంజ్ఞ, శాఖ అక్షరాలు అన్నీ అందులోకే వస్తాయి. వేయించే ముందు వాటిని దగ్గరగా, పక్కనుంచి వెలుతురు పడేలా ఫొటో తీసి పెట్టుకుంటే ఆ తర్వాత కూడా వస్తువు కాలం గురించి చెప్పడానికి ఆధారం మిగులుతుంది.